ఉచితమునకు వెల చెల్లించువారెవరు?

(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



పండుగనాడు ఇంటర్నెట్టు గొడవ ఎందుకని కొందరు అనుకొనవచ్చును. పుట్టినూళ్లకు దూరముగా బ్రదుకుచున్న మనకు బంధువుల మాట, తెలుగు పాట, తెలుగు సినిమా అన్నియు నేడు ఫోనులోనుండియే వచ్చుచున్నవి. ఆ దారినే దొంగలును వచ్చుచున్నారు. అందుచేత నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

పిలువని ఉత్తరముల కథ పాతదే. 1978 మే నెలలో అమెరికాలో గారీ థ్యుర్క్ అను కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి తమ సరుకును గూర్చి సుమారు 400 మందికి ఒక్కమారే ఈ-మెయిలు పంపెను. పలువురు మండిపడిరి. 1994 ఏప్రిలులో కాంటర్, సీగెల్ అను వకీలు దంపతులు, గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తు పెట్టించెదమని యూజ్‌నెట్ చర్చావేదికలలో వేలకొలది చోట్ల ప్రకటన వేసిరి. నిజమునకు ఆ లాటరీకి వకీలు అక్కరలేదు. ఆ ఎర వేసినది వలస జనమునకే అని మనము గమనింపవలెను. “ప్రకటించుకొనుట మా హక్కు” అని వారు వాదించిరి. “అందరి రచ్చబండపై మీరొక్కరే డప్పు వాయించుట హక్కా?” అని తక్కినవారు తగవులాడిరి. ఆ తగవు నేటికిని తెగలేదు.

కార్డుముక్క వ్రాసినను పంపువాడే ఖర్చు పెట్టుకొనవలెను. ఈ-మెయిలులో పంపువానికి ఖర్చు నామమాత్రము. బరువంతయు అందుకొనువారిపైనను, మోయువారిపైనను పడును. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇట్టి ముఠా పనిని లెక్కగట్టిరి. సుమారు 35 కోట్ల ఉత్తరములకు, మందులు కొనబోయినవారు 28 మంది మాత్రమే! చీకటిలో వేయి రాళ్లు విసరిన ఒకటైనను తగులకపోవునా అన్నదే వారి వ్యాపారము. ఆ రాళ్లు విసరినది ‘స్టార్మ్’ అను వల. దానిలో చిక్కినవి సామాన్యుల ఇండ్లలోని కంప్యూటర్లే. యజమానులకు ఆ సంగతియే తెలియదు. దొంగకు నిచ్చెన మన ఇంటిదే అయ్యెను. అదే ఏడు నవంబరులో మెకోలో అను కంపెనీకి లైను తెగగొట్టగానే ప్రపంచమున ఇట్టి ఉత్తరములు ఒక్కసారిగా సగమునకు పైగా తగ్గినవి. కొన్ని నెలలకే మరల పెరిగినవి.

ఇక సినిమాల సంగతి. 2013లో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే సగము వరకు బయటికి పొక్కగా, హడావుడిగా సెప్టెంబరు 27న విడుదల చేయవలసివచ్చెను. “మన ఊరికి తెలుగు సినిమా రాదు, వచ్చినను రెండు రోజులే. దొరికినచోట చూచిన తప్పేమి?” అని మనలో కొందరందురు. ఆ బాధ నిజమే. అయితే టిక్కెట్టు లేని ప్రయాణికుని బరువు టిక్కెట్టు కొన్నవాడే మోయునని రైల్వేలో పనిచేయు మేము నిత్యము చూచుచున్నాము. దొంగ సైటువాడు కళాసేవకు కూర్చుండలేదు. అడ్డమైన ప్రకటనలు చూపి సంపాదించును. మన వ్రేలు తప్పుచోట పడిన ఫోనునే పట్టుకొనును. 2023 చట్ట సవరణ ప్రకారము సినిమాను దొంగతనముగా రికార్డు చేసినవారికి 3 నెలలనుండి 3 సంవత్సరముల జైలు, కనీసము 3 లక్షల జుల్మానా కలవు.

చట్టమొక్కటే చాలదు. మన సంఘము వాట్సాప్ గుంపులో దొంగ సినిమా లింకులు పంపరాదని నేడే తీర్మానించుకొందము. నలుగురము సంతకములు చేసి, మంచి తెలుగు చిత్రమును వేయుమని ఇక్కడి థియేటరువారిని అడుగుదము. నిండు హాలు కనబడిన వారేల కాదందురు? శుభలేఖయని ఏపీకే ఫైలు వచ్చిన తెరవకుడు. పంపినవారికి ఫోను చేసి అడుగుడు. పిలువని వ్యాపారపు కాల్సు వచ్చిన 1909కు ఫిర్యాదు చేయుడు. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930కి చెప్పుడు. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారును. ముఖ్యముగా మన ముసలివారి పింఛను ఫోనునకు ముడిపడియున్నది. వారిప్రక్కన కూర్చుండి పదినిమిషములు చెప్పుట పిల్లల పని.

ఉచితమని చేయి చాపుటకు ముందు, దీని వెల ఎవరు చెల్లించుచున్నారని ఒక్కమారు అడుగుకొందము. ఎల్లరకు ఉగాది శుభాకాంక్షలు. సెలవు.