దూరదర్శన వార్తాపాఠకునకై దుఃఖము



2024వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన హైదరాబాదులో శాంతిస్వరూప్ గారు కీర్తిశేషులైరి. దూరదర్శనమునందు తెలుగు వార్తలను మొట్టమొదట చదివినవారు వారే. మనల నెన్నడు నెరుగని మనుజునకై మనము దుఃఖించుట తగునా యని కొందరు పెద్దలు శంకింతురు. శంక సహేతుకమే.

చుట్టము పోయినచో మనకు చేయదగిన పని కలదు. ఆ యింటికి పోవుదుము, అరుగుమీద కూర్చుందుము, పదునొకండవ దినమున మరల పోయి వత్తుము. తెరమీది మనుజుడు పోయినప్పుడు ఏ గడప తొక్కవలెను? మైల లేదు, స్నానము లేదు. అయినను మనసు బరువెక్కినది.

వారు తొలిసారి వార్తలు చదివినది 1983 నవంబరు 14న. హైదరాబాదు చుట్టుపట్ల మా పల్లెలలో ఆనాడు ఊరికొక టెలివిజను పెట్టె యుండుటయే గొప్ప. పంచాయతీ కచేరిలోనో, కలవారి వసారాలోనో చాపలు పరచుకొని అందరమును కూర్చుండెడివారము. వార్తలు మొదలుకాగానే పిల్లల సద్దణగెడిది. చదువరి యెదుట అక్షరములను నడపు ప్రాంప్టరు యంత్రము ఆ తొలినాళ్లలో లేదు. శాంతిస్వరూప్ గారు వ్రాతప్రతిని ముందుగా చదివి, మనసున నిలుపుకొని, తలయెత్తి మనవంక చూచుచు చెప్పెడివారు. ఆ చూపే మనలను కట్టివేసినది. ఇంటికి వచ్చిన పెద్దమనిషి యెదుట కూర్చుండి మాటాడినట్లుండెడిది.

గొంతు హెచ్చించుట యెరుగరు. ఒత్తును గాని దీర్ఘమును గాని చెడనీయరు. నేటి ఛానళ్ల కేకలకు అలసిన చెవులకు ఆ నిదానము విలువ నేను చెప్పనక్కరలేదు. శుభమైనను అశుభమైనను ఒక్క తీరుననే చదివిరి గనుక హృదయము లేనివారని తలపరాదు. 1984 నాటి భోపాలు విషవాయు ఘోరముపై ‘రాతిమేఘం’ అను నవలను వ్రాసిరి. వార్తలో చూపరాని వేదనను అందు చూపిరేమో యని నా యూహ.

2011లో వారు ఉద్యోగవిరమణ చేసిరి. అటుపిమ్మట ప్రతిదినము కనబడకున్నను, ఎక్కడనో ఉన్నారను ధీమా మనకుండెను.

ఏంటెన్నా త్రిప్పుటకు డాబా యెక్కిన మా చిన్నాయన నేడు లేడు. చాపమీద ముందు వరుసను విడువని పట్వారి గారు లేరు. వార్తలు ముగియువరకు పొయ్యి వెలిగింపని మా మేనత్త లేదు. వారు పోయినప్పుడు ఒక్కొక్కరికై వేరువేరుగ ఏడ్చితిమి. ఆ సాయంకాలమంతయు ఒక్కసారిగ పోయినట్లు తోచినది మాత్రము ఆ ఏప్రిల్ 5ననే.