దూడ, పిక్క, మంచుకొండ

ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒకనాటి సాయంకాలము నాకు ఒక క్రీడావార్త తెనిగించు పని తగిలినది. ఒక ఫుట్‌బాలు ఆటగాడు 'కాఫ్'కు దెబ్బ తగిలినందున తరువాతి పోటీలో ఆడడని అందులోని సంగతి. వేళ మించిపోవుచున్నది. తొందరలో నేను "తన దూడకు దెబ్బ తగిలినందున" అని వ్రాసివేసినాను. చదువవలసిన అనౌన్సరుగారు ముందుగా ఒకసారి కాగితము చూచుకొని, "ఏమండీ, ఈయన పాడి కూడ చేయుచున్నాడా?" అని అడిగినారు. ఆ ప్రశ్న రాకపోయినచో ఆ దూడ ఎన్ని ఇండ్లలో దూరియుండునో! అచ్చులో తప్పు పడితే మరునాడు సవరణ వేసికొనవచ్చును; గాలిలో కలసిన మాటను వెనుకకు పిలువలేము. ఆ వెరపుతోనే నేను ఈ మాట వెంట పడినాను.

మోకాలికి దిగువను, కాలి వెనుక నుండు కండను మనము పిక్క అంటాము. ఇంగ్లీషువారు దానిని కాఫ్ అంటారు. నిఘంటుకారులు మాత్రము దీనిని, దూడ అను అర్థముగల కాఫ్‌ను రెండు వేఱు పదములుగా చూపుదురు. దూడ అను అర్థముగలది ఇంగ్లీషువారి సొంత సొత్తు, ప్రాచీనాంగ్లము నాటినుండి ఉన్నది. పిక్క అను అర్థముగలది స్కాండినేవియా వారి పాత భాషనుండి తరువాత వచ్చి చేరినది. అనగా ఒకే ఇంటిపేరుతో రెండు కుటుంబములు. 'పిక్కబలము చూపినాడు' అను మన పలుకుబడిని ఇంగ్లీషులోనికి దింపబోవు వానికి నాకు పట్టిన గతియే పట్టును గదా అని ఆనాడు నన్ను నేను ఓదార్చుకొన్నాను.

దూడ అర్థమొక్కటే తీసికొన్నను చిక్కు తీరదు. ఏనుగు, ఖడ్గమృగము, జిరాఫీ, తిమింగిలము—వీని పిల్లలన్నియు ఇంగ్లీషులో కాఫులే. నీలి తిమింగిలపు 'దూడ' పుట్టినప్పుడే సుమారు 7 మీటర్ల పొడవు, 2 టన్నులకు పైబడిన బరువు ఉండును. మనము ఏనుగుపిల్లను గున్న అంటాము. ఆ మాటనే పొట్టి మామిడికి తగిలించి గున్నమామిడి అంటాము. కొట్టములో కట్టుకొన్న పశువు సంగతికి వచ్చునప్పటికి మన మాటలు మఱింత సూక్ష్మములు. పాలు త్రాగు పసిది లేగ. ఆడుదైనచో పెయ్య, మగదైనచో కోడెదూడ. గేదె కడుపున పుట్టిన ఆడుది ఎదిగినచో పడ్డ. రైతుల కార్యక్రమమునకై వచ్చు ఆంగ్ల వ్యాసములో తరచు 'కాఫ్' అని మాత్రమే ఉండును. పుట్టిన వెంటనే, గంట రెండు గంటలలోపుగనే, ముఱ్ఱుపాలు త్రాగించవలెనను మాట అన్నింటికి చెల్లును. కాని అన్ని సలహాలు అట్టివి కావు. అది ఆవుదా గేదెదా, ఆడుదా మగదా తెలియనిదే చేయి సాగదు. వ్యాసము వ్రాసిన పశువైద్యుని అడిగి తెలిసికొని, అప్పుడు తెనుగుచేసిన రోజులు పెక్కు. వినువాడు ఆ మాట నమ్మి మరునాటి ఉదయము కొట్టములోనికి పోవును గదా!

పాత పుస్తకముల పట్టికలలో 'హాఫ్ కాఫ్', 'ఫుల్ కాఫ్' అని కనబడును. ఇవి దూడతోలు బైండు గుర్తులు. అట్టలే కాదు, ఆకులును దూడతోలువే ఐన కాలము కలదు. మనవారు తాటాకుపై గంటముతో వ్రాయుచుండగా, ఐరోపావారు దూడతోలును సున్నపునీట నానవేసి, వెంట్రుకలు గీకి, చట్రమునకు బిగించి ఆరబెట్టి దానిపై వ్రాసినారు. దానికి వెల్లమ్ అని పేరు. ఇంగ్లండు ఉత్తరభాగమున వేర్‌మత్-జారో మఠమువారు 716వ సంవత్సరమునకు ముందు వ్రాసిన 'కోడెక్స్ అమియాటినస్' అను బైబిలు ప్రతి ఇప్పుడు ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున ఉన్నది. దానిలో 1,000కి పైగా ఆకులు. ఒక్కొక్క తోలు రెండాకులకు సరిపోవును. కనుక ఆ ఒక్క గ్రంథమునకు సుమారు 500 దూడలు! మన తాటిచెట్టు ఎంత సాధువో!

ఈ వెల్లమ్ అను మాటకు మూలము దూడ అను అర్థముగల లాటిను పదము 'విటులస్'. దూడమాంసమునకు ఇంగ్లీషువారు వాడు 'వీల్' కూడ దానినుండి వచ్చినదే. ఈ విటులస్‌కు సంస్కృతమున ఒక చుట్టము కలదు. అదియే 'వత్సము'. ఏడాది అను అర్థముగల ఒక ప్రాచీన ధాతువునుండి రెండును పుట్టినవనియు, ఏడాది వయసుది అని వీని తొలి అర్థమనియు భాషాశాస్త్రవేత్తలు చెప్పుదురు. మన సంవత్సరములోని వత్సరము కూడ ఆ కుదురులోనిదే. అచ్చట ఆ మాట తోలు దారిని, మాంసము దారిని పోయినది. ఇచ్చట దూడపై ఆవునకు గల ప్రేమను పట్టుకొని వాత్సల్యమైనది. తల్లి బిడ్డను చూచు చూపునకు మనము పెట్టుకొన్న పేరు కొట్టములో పుట్టినదే. ఇంగ్లీషువారి 'కాఫ్ లవ్' మాత్రము ఇట్టిది కాదు. మీసము రాని వయసులోని వలపును ఎగతాళి చేయు మాట అది.

చివరకు మంచుకొండ. హిమానీనదము సముద్రమును చేరినచోట దాని అంచు విరిగి నీటబడినచో, ఆ ఖండమును కూడ ఇంగ్లీషువారు కాఫ్ అంటారు. హిమము 'ఈనినది' అంటారు. 2017వ సంవత్సరము జూలైలో అంటార్కిటికాలోని 'లార్సెన్ సి' అను మంచు పలకనుండి సుమారు 5,800 చదరపు కిలోమీటర్ల ఖండము వేరుపడినది. ఆ వార్తను తెనిగించునప్పుడు మాలో మాకు చిన్న తగవు వచ్చినది. "ఈనినది అని వ్రాయుదము" అని నేనన్నాను. మంచు ఈనుట ఏమిటని మిత్రులు నవ్వినారు. ఆవు మాత్రమేనా, వరిచేను ఈనుచున్నది అనుటలేదా? తిరునాళ్లలో జనము నేల ఈనినట్లున్నారు అనుటలేదా? వరియు, నేలయు ఈనగాలేనిది మంచు ఈనరాదా? ఇట్లు వాదించుచుండగనే గడియారము తన పని తాను చేసికొనిపోయినది. ఆనాడు 'విడివడినది' అనియే చదివినారు. అది తప్పు కాదు. మరల అట్టి వార్త వచ్చినచో మాత్రము, అనౌన్సరుగారు ఒప్పుకొన్నచో, 'ఈనినది' అనియే వ్రాయుదును.