గుండె, నెత్తురు, నెత్తుటి త్రోవలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ప్రాణము బీరువాలలో దాచిన పుస్తకములు కావు. పాఠకుల చేతులలోనికి పోయి తిరిగివచ్చు పుస్తకములు. పోయినవి రానిచో బీరువా వట్టిదగును. కదలనిచో చెదలు పట్టును. మానవశరీరములో నెత్తురు చేయు పనియు నిట్టిదే. అది పోవలెను, తిరిగి రావలెను, మరల పోవలెను. ఈ రాకపోకలను నడపునది గుండె. గ్రంథాలయము స్థాపింపబడిన ఈ ఇరువదియైదేండ్లలో, నాటినుండి నేటివరకు జీవించియున్న ప్రతి మనుష్యుని గుండెయు సుమారు 95 కోట్ల సార్లు కొట్టుకొనినది. దానికి ఆదివారము లేదు, పండుగ సెలవు లేదు. అట్టి సేవకుని గూర్చి తెలిసికొనుట రజతోత్సవ సమయమున తగిన పనియే.

గుండె ఎవరి పిడికిలి ఎంతయో వారికి ఇంచుమించు అంతయే యుండును. పెద్దవారిలో దాని బరువు సుమారు 300 గ్రాములు. రొమ్ము నడుమ, కొంచెము ఎడమవైపునకు ఒరిగి, రెండు ఊపిరితిత్తుల మధ్య నుండును. అది ముఖ్యముగా కండరము. లోపల నాలుగు గదులు కలవు: పై రెండును కర్ణికలు, క్రింది రెండును జఠరికలు. కుడి యెడమలకు నడుమ గోడ యున్నది. గదినుండి గదికి పోవుచోటను, జఠరికలనుండి వెలుపలికి పోవుచోటను కవాటములను తలుపులు కలవు. ఇవి ఒక్క దిక్కునకే తెరచుకొనును. నెత్తురును వెనుకకు రానీయవు.

పూర్వము నల్లగొండ, పాలమూరు మెట్టలలో బావులపై మోట తోలిన పెద్దలకు ఈ సంగతి సులభముగా బోధపడును. ఎద్దులు ముందునకు నడచునప్పుడు బొక్కెన పైకి వచ్చి నీరు కాలువలో పడును. అవి వెనుకకు వచ్చునప్పుడు బొక్కెన మరల నిండును. గుండెయు ముడుచుకొనునప్పుడు నెత్తురును తోయును, సడలునప్పుడు నింపుకొనును. వైద్యుడు చెవులకు గొట్టము పెట్టుకొని వినెడి చప్పుడు ఈ తలుపులు మూసికొనుటవలన కలుగునదే. మణికట్టుకడ నాడి చూచువారి వ్రేలికి తగులునది ఆ త్రోపుయొక్క అలయే.

ఐనను, ఈ నెత్తురు ఎచ్చటికి పోవుచున్నది? రెండవ శతాబ్దమున రోము నగరములో ప్రసిద్ధుడైన గేలెన్ అను వైద్యుని మతము ప్రకారము, తిన్న ఆహారమునుండి కాలేయములో నెత్తురు పుట్టి, సిరలవెంట పారి, పొలములో కాలువనీరు ఇంకినట్లు అవయవములలో ఇంకిపోవును. లోకము దీనిని శతాబ్దములపాటు నమ్మినది. 1628వ సంవత్సరమున విలియం హార్వే అను ఆంగ్ల వైద్యుడు ప్రయోగములు చేసియు, లెక్క వేసియు ఈ మతమును పడగొట్టెను. ఆ లెక్కను నేటి కొలతలతో ఎవరైనను వేయవచ్చును. ఒక్క దెబ్బకు గుండె తోయు నెత్తురు సుమారు 70 మిల్లీలీటర్లు. నిమిషమునకు 72 దెబ్బలైనచో 5 లీటర్లు. గంటకు 300 లీటర్లు. అరువది కిలోల మనిషి గంటకు మున్నూరు లీటర్ల నెత్తురును ఏ అన్నము తిని పుట్టించుకొనగలడు? శరీరములోని మొత్తము నెత్తురే సుమారు 5 లీటర్లు. కావున అదే నెత్తురు మరల మరల తిరుగుచున్నదనుట తప్ప వేరు దారి లేదు. అది పొలములో ఇంకిపోవు కాలువ కాదు, తిరిగివచ్చు పుస్తకము.

ఆ త్రోవ యిట్టిది. ఎడమ జఠరిక ప్రాణవాయువుతో నిండిన నెత్తురును బృహద్ధమని లోనికి తోయును. ధమనులు కొమ్మలై, రెమ్మలై, తుదకు వెంట్రుకకంటె సన్నని కేశనాళికలగును. హార్వే వీనిని చూడలేదు. 1661లో ఇటలీ దేశస్థుడు మాల్పీఘీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తులలో చూచెను. అన్నసారము, ప్రాణవాయువు శరీరకణములకు చేరుటయు, అచ్చటి మలినములు నెత్తుటిలో కలియుటయు ఇచ్చటనే. తరువాత నెత్తురు సిరలవెంట గుండె కుడివైపునకు తిరిగి వచ్చును. కుడి జఠరిక దానిని ఊపిరితిత్తులకు పంపును. అచ్చట బొగ్గుపులుసు వాయువును విడిచి, ప్రాణవాయువును గ్రహించి, అది ఎడమ కర్ణికకు చేరును.

నెత్తురు చూపునకు ఎఱ్ఱనీరువలె నున్నను అందు సగమునకు మించి పసుపువన్నె ద్రవము. దానిలో ఎఱ్ఱకణములు, తెల్లకణములు, గాయమైనప్పుడు నెత్తురు గడ్డకట్టించు సూక్ష్మఫలకములు తేలుచుండును. ప్రాణవాయువును మోయునవి ఎఱ్ఱకణములు. వాని ఆయుస్సు సుమారు 120 దినములు. క్రొత్తవి ఎముకల మజ్జలో పుట్టుటకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మున్నగునవి కావలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరులను స్ప్రూ అను వ్యాధివలన కోల్పోయెను. ఆ వ్యాధిలోని రక్తహీనతకు మందైన ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలో ఆయన నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. నేడు గర్భిణులకు ఇచ్చు మాత్రలలో ఇనుముతోపాటు నున్నది అదియే. ఆ మాత్రలను అటకపై దాచిన ఇంట, పురిటి సమయమున కొంచెము నెత్తురు పోయినను తల్లి ప్రాణమునకు ముప్పు వచ్చును. సజ్జలు, ఆకుకూరలు, పప్పు తినుటయు, భోజనము కాగానే టీ త్రాగకుండుటయు ఇంటిలోనే సాధ్యమగు వైద్యము.

నెత్తురు మంచిని మోసినట్లే చెడ్డను కూడ మోయును. నల్లగొండ జిల్లా మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములలో బావినీటిలోని ఫ్లోరైడు ప్రేగులనుండి నెత్తుటిలోనికి, నెత్తుటినుండి ఎముకలలోనికి చేరి, ఎన్నో కుటుంబములను వంకరకాళ్లతో, వంగిన నడుములతో బాధించినది. పటికయు సున్నమును కలిపి ఆ నీటిని శుద్ధిచేయు పద్ధతికి ప్రపంచమంతట "నల్లగొండ పద్ధతి" యని పేరు. త్రాగునీటిని ఎంచుకొనుట నెత్తురును ఎంచుకొనుటయే.

ఇక నెత్తుటి త్రోవలు. గుండె తోయునప్పుడు ధమనిగోడపై కలుగు ఒత్తిడి ఆరోగ్యవంతునికి ఇంచుమించు 120, సడలునప్పుడు 80 ఉండును. ఇది చిరకాలము 140, 90 దాటియున్నచో రక్తపోటు అందురు. దానికి తలనొప్పి యైనను ఉండవలెనన్న నియమము లేదు. మౌనముగా గోడలను గట్టిపరచి, ఒకనాడు పక్షవాతముగానో గుండెపోటుగానో బయటపడును. "బాగుగనే యున్నాను గదా" యని మాత్రలు మానుట కట్ట తెగకముందే కావలివానిని పంపివేయుటవంటిది. దినమునకు ఉప్పు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, మించరాదు. పచ్చళ్లు, అప్పడములు ఆ లెక్కలోనివే. బీడీ, చుట్ట ఈ త్రోవలకు పరమశత్రువులు.

ధమనుల మృదుత్వము తల్లికడుపునుండియే ఆరంభమగును. నాగార్జునసాగరమునకు పోవు దారిలోని ఇబ్రహీంపట్నం ప్రాంతమున, 1987–90 మధ్య కొన్ని గ్రామములలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారము ఇచ్చిరి. మరికొన్ని గ్రామములకు అది అప్పటికి చేరలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు, ఇతర శాస్త్రజ్ఞులు ఆ పిల్లలను కౌమారదశలో, 2003–05లో, మరల పరీక్షించిరి. ఆహారమందిన గ్రామముల పిల్లలు కొంచెము పొడవుగా నుండుటయేగాక, వారి ధమనులలో బిరుసుతనము తక్కువగా నుండెను. అంగన్‌వాడీలో పెట్టు ముద్ద పదునైదేండ్ల తరువాత కూడ లెక్కకు వచ్చుచున్నది.

గుండె తనలోని నెత్తురునే త్రాగి బ్రతుకదు. దానికిని ప్రత్యేకముగా చిన్న ధమనులు కలవు. వానిలో క్రొవ్వు పేరుకొని, పైన నెత్తురు గడ్డకట్టినచో, పిల్లకాలువ పూడిన పొలమువలె ఆ భాగమున కండరము చావనారంభించును. అదియే గుండెపోటు. రొమ్ముపై బరువు పెట్టినట్లుండుట, ఎడమచేతికో దవడకో వీపునకో నొప్పి పాకుట, చెమటలు, ఆయాసము దాని గురుతులు. మధుమేహముగలవారికి, కొందరు స్త్రీలకు నొప్పి లేకయే రావచ్చును. "గ్యాసు" అనుకొని సోడా త్రాగి తెల్లవారుదాక పరుండినవాడు గుండెను పోగొట్టుకొనును. వెంటనే 108కి కబురు చేసినవానికి త్రోవ తెరచు అవకాశమున్నది. ఖర్చు భయమున ఆగనక్కరలేదు. ప్రభుత్వము పేదల శస్త్రచికిత్సకై ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట ఆరంభించిన మూడు జిల్లాలలో మహబూబునగరు ఒకటి.

పిల్లల విషయమున మరియొక జాగ్రత్త. కొన్ని గొంతునొప్పులను నిర్లక్ష్యము చేసినచో, తరువాత కీళ్లవాతము వచ్చి గుండెతలుపులు చెడును. జ్వరముతో గొంతు నొచ్చిన బిడ్డను వైద్యునికి చూపుట చిన్న పని. చెడిన తలుపును బాగుచేయుట పెద్ద పని.

కడపట ఒక్క మాట. ఆరోగ్యముగలవాడు ఒకమారు ఇచ్చు నెత్తురు సుమారు 350 మిల్లీలీటర్లు. దాని ద్రవభాగము ఒకటి రెండు దినములలోను, ఎఱ్ఱకణములు కొన్ని వారములలోను మరల నిండును. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకమారు ఇయ్యవచ్చును. పురిటిమంచముపై నున్న ఒక తల్లికి ఆ సీసాయే బ్రతుకు. ఇచ్చినది తరుగదని ఇరువదియైదేండ్లుగా పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనిన ఈ గ్రామమునకు వేరుగా చెప్పనక్కరలేదు.