ప్రయాణం అందరిదీ: కట్టేవాళ్ళుగా మన వంతు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ప్రయాణాలు, పర్యటనలు అందరికీ వీలుగా ఉండాలంటే ఏం చేయాలి" అనే విషయం మీద మాట్లాడమన్నప్పుడు మేము మొదట నవ్వుకున్నాం. మనకు తెలిసిన టూరు ఏంది? రెండేళ్ళకోసారి శంషాబాద్‌లో దిగడం, రెండు నెలలు ఉండి మళ్ళీ అక్కడే విమానం ఎక్కడం. కానీ నలుగురం కూర్చుని మాట్లాడుకుంటే ఇది మన విషయమే అని తేలింది. ఈ దుబాయిలో ఎయిర్‌పోర్టులు, మెట్రో స్టేషన్లు, హోటళ్ళు, మాల్స్ ఎవరు కట్టారు? మనలాంటి వాళ్ళే. ఒక మనిషి ఆ గుమ్మం దాటి లోపలికి పోగలడా లేదా అన్నది చాలాసార్లు మన చేతిలో ఉన్న టేపు దగ్గర, స్పిరిట్ లెవెల్ దగ్గరే తేలిపోతుంది.

ఇంతకీ ఈ వీలు ఎవరికి కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 130 కోట్ల మందికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. వాళ్ళు కాక మోకాళ్ళ నొప్పులతో ఉన్న అమ్మానాన్నలు, నెలలు నిండిన ఆడవాళ్ళు, చంటిపిల్లని బండిలో తోసుకుంటూ వచ్చేవాళ్ళు, కాలికి కట్టు కట్టించుకుని ఇంటికి పోయే కార్మికుడు, బోర్డు మీద రాసింది చదవలేని అక్క. ఇన్ని రకాల మనుషులు ఉన్నప్పుడు, బరువు మోసుకుంటూ మెట్లు ఎక్కగలిగిన పాతికేళ్ళ కుర్రాడి కోసమే కడితే ఎట్లా?

మాకు బాగా తెలిసిన దానితో మొదలుపెడతాం. ర్యాంపు.

ర్యాంపు లెక్క చాలా సులువు, 1కి 12. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల పొడవు కావాలి. గుమ్మం ముందు 15 సెంటీమీటర్ల మెట్టు ఒక్కటి ఉన్నా 180 సెంటీమీటర్ల ర్యాంపు పడుతుంది. మూడు మెట్లుంటే 5 మీటర్ల 40. ఇంత స్థలం డ్రాయింగ్‌లోనే వదలాలి. వదలకపోతే ఏమవుతుందో మనందరం చూసిందే. చివర్లో ఎవరో వచ్చి "ఇక్కడ ఒక ర్యాంపు కూడా పెట్టేయండి" అంటారు. ఉన్న రెండు మీటర్లలోనే మూడు మెట్ల ఎత్తు ఎక్కించేస్తారు. అది ర్యాంపు కాదు, జారుడుబండ. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి తనంతట తాను దాన్ని ఎక్కలేడు, దిగేటప్పుడు ముందుకు పడతాడు. పైగా మీద నున్నటి టైల్స్ వేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, తడిస్తే మామూలు మనిషి కూడా నిలబడలేడు.

ఇంకొన్ని కొలతలు కూడా గుర్తుపెట్టుకోండి. తలుపు తెరిచాక మధ్యలో 90 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. కుర్చీ తిరగడానికి మీటరున్నర గుండ్రం కావాలి, టాయిలెట్‌లో కూడా. ర్యాంపు 9 మీటర్లు సాగిందంటే మధ్యలో ఆగడానికి మీటరున్నర సమతలం ఉండాలి. పట్టుకునే రెయిలింగ్ రెండు వైపులా ఉండాలి. ఎందుకంటే పక్షవాతం వచ్చినవాళ్ళకి ఒక చెయ్యే పనిచేస్తుంది, ఎక్కేటప్పుడు ఆ చెయ్యి ఒక వైపు ఉంటే దిగేటప్పుడు రెండో వైపుకి వస్తుంది. ఈ చిన్న సంగతి డ్రాయింగ్‌లో గీత మాత్రమే. మనం కారణం తెలుసుకుని కడితే ఒక్క వైపు పెట్టి వదిలేయం.

నేల మీద వేసే పసుపు టైల్స్ సంగతి కూడా అంతే. గీతల టైల్ అంటే "ఇటే నడువు" అని, చుక్కల టైల్ అంటే "ఆగు, ముందు మలుపో మెట్టో రోడ్డో ఉంది" అని. చూపు లేనివాళ్ళు కర్రతో, కాలితో చదివే అక్షరాలు అవి. వాటిని డిజైన్ అనుకుని గీతల చోట చుక్కలు, చుక్కల చోట గీతలు వేస్తే, రోడ్డు బోర్డు మీద ఎడమకి బదులు కుడి బాణం గీసినట్టే. గీతల టైల్స్ తిన్నగా పోయి కరెంటు స్తంభానికో పూల కుండీకో తగిలే ఫుట్‌పాత్‌లు మనలో చాలామంది చూశారు. టైల్స్ వేసే తమ్ముళ్ళకి రెండు నిమిషాలు చెప్తే చాలు, ఆ తప్పు జరగదు. సూపర్‌వైజర్లం చెప్పాలి, అది మన పని.

బాగా కట్టిన దానికి ఉదాహరణ మనం రోజూ ఎక్కే మెట్రోనే. దుబాయ్ మెట్రో 2009 సెప్టెంబర్ 9న మొదలైంది. స్టేషన్లలో లిఫ్ట్ ఉంది, నేల మీద దారి చూపే టైల్స్ ఉన్నాయి, ప్లాట్‌ఫారం, రైలు లోపలి నేల ఒకే ఎత్తులో ఉంటాయి, పట్టాల మీద పడకుండా గాజు తలుపులున్నాయి. కుర్చీలో వచ్చిన మనిషి ఎవరినీ బతిమాలకుండా ఎక్కి దిగిపోతాడు. ఎవరినీ అడగాల్సిన పని లేకుండా పోవడమే అసలు సౌకర్యం. ఈ దేశంలో 2017 నుంచి వికలాంగులను "అస్‌హాబ్ అల్ హిమమ్" అంటున్నారు, పట్టుదల గలవాళ్ళు అని అర్థం. నమోదు చేయించుకుంటే వాళ్ళకి ప్రత్యేక నోల్ కార్డు ఇస్తారు, మెట్రో, బస్సు, ట్రామ్ ఉచితం. మన కుటుంబాల్లో అలాంటి పిల్లలుంటే ఆ కార్డు తప్పకుండా తీసుకోండి.

ఇప్పుడు విమానం. ఇక్కడ మనవాళ్ళు పడే కష్టం చాలా ఉంది, అందులో సగం సమాచారం తెలియక పడేదే.

మాతోపాటు షట్టరింగ్ చేసే ఒక అన్నకు కాలు విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపడానికి టికెట్ తీశారు. ఏజెంటు "వీల్‌చైర్ పెట్టినా" అన్నాడు, అందరం సరే అనుకున్నాం. అక్కడ దిగాక విమానం గేటు దగ్గరికి రాకుండా దూరంగా ఆగింది, మెట్ల బండి పెట్టారు. కింద వీల్‌చైర్ సిద్ధంగా ఉంది, కానీ కిందికి దిగేది ఎట్లా? అందరూ దిగిపోయాక ఇద్దరు తోటి ప్రయాణికులు ఆయన్ని చేతుల మీద మోసి దించారు. మెట్ల మీద కట్టుకాలు రెయిలింగ్‌కి తగిలి ఆయన అరిచిన అరుపు గురించి ఆ తమ్ముళ్ళే ఫోన్లో చెప్పారు.

అసలు లోపం ఎక్కడంటే, వీల్‌చైర్ బుకింగ్ ఒక్క రకం కాదు, మూడు రకాలు. డబ్ల్యూ-సి-హెచ్-ఆర్ అంటే దూరం నడవలేరు, కానీ మెట్లు ఎక్కి దిగగలరు. డబ్ల్యూ-సి-హెచ్-ఎస్ అంటే మెట్లు ఎక్కలేరు, లోపల సీటు దాకా మాత్రం నడవగలరు. డబ్ల్యూ-సి-హెచ్-సి అంటే అసలు నడవలేరు, సీటు దాకా తీసుకెళ్ళాలి. మెట్లు ఎక్కలేని మనిషికి ఆర్ అని పెడితే, లిఫ్టు బండి అవసరం ఉందని అవతలి ఎయిర్‌పోర్టుకి తెలియదు. ఆ అన్న టికెట్‌లో ఉన్నది ఆర్. ఒక్క అక్షరం తేడా. కాబట్టి టికెట్ చేతికి రాగానే ఏ అక్షరం ఉందో అడగండి. ఆర్, ఎస్, సి ఈ మూడూ క్యాంపు నోటీసు బోర్డు మీద రాసిపెట్టండి.

ఇండియా డీజీసీఏ నిబంధనల ప్రకారం నడవలేని ప్రయాణికుడికి ఈ సాయం చేసినందుకు ఎయిర్‌లైన్ అదనంగా డబ్బు తీసుకోకూడదు. సొంత వీల్‌చైర్, చంక కర్రలు కూడా ఉచితంగా తీసుకెళ్ళాలి. 48 గంటల ముందు చెప్పడం మన బాధ్యత. కొత్తగా ప్లాస్టర్ వేసినా, ఈమధ్యే ఆపరేషన్ అయినా డాక్టర్ ఉత్తరం, ఎయిర్‌లైన్ మెడికల్ ఫారం అడుగుతారు. అవి ముందే నింపించుకోండి, కౌంటర్ దగ్గర గొడవపడితే విమానం ఆగదు. స్ట్రెచర్ మీద పోవాల్సి వస్తే కొన్ని సీట్ల స్థలం పడుతుంది, ఖర్చు చాలా ఎక్కువ. అలాంటప్పుడు కాన్సులేట్ ద్వారా భారతీయ సమాజ సంక్షేమ నిధికి అర్జీ పెట్టాలి. కష్టంలో ఉన్న కార్మికుల వైద్యానికి, తిరుగు ప్రయాణానికి ఆ నిధి ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల బీమా ఉంటుంది. ఆ కాగితం ఇంట్లోవాళ్ళ దగ్గర ఒక కాపీ ఉంచండి.

ఇంకో మాట. కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. కాళ్ళు బాగానే ఉన్నా, ఇంగ్లీషు రాదని, ఇమ్మిగ్రేషన్ లైను పెద్దదని అమ్మానాన్నలకి వీల్‌చైర్ పెట్టేవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళ భయం మనకు అర్థమవుతుంది. కడప నుంచో కోనసీమ నుంచో మొదటిసారి కువైట్ పోయే అక్కకి ఎయిర్‌పోర్టులో ఒక్క బోర్డూ అర్థం కాదు. కానీ కుర్చీలు తక్కువ, తోసే మనుషులూ తక్కువ. మనం ఒకటి ఎక్కువ పెడితే నిజంగా నడవలేని మనిషి సీట్లోనే గంట కూర్చోవాలి. భాష రానివాళ్ళ కోసం వేరే సేవ ఉంది, దాన్ని మీట్ అండ్ అసిస్ట్ అంటారు, మనిషి పక్కన నడిచి దారి చూపిస్తాడు. దానికి కొన్నిచోట్ల డబ్బు తీసుకుంటారు. అదే విమానంలో పోయే మన తమ్ముడు ఒకరు తోడుంటే ఆ ఖర్చు కూడా ఉండదు. ఎయిర్‌పోర్టు బోర్డుల మీద బొమ్మలు పెద్దగా ఉండాలని, శంషాబాద్, విజయవాడ, విశాఖల్లో గల్ఫ్ విమానాలకు తెలుగులో స్పష్టంగా చెప్పాలని అడగడం కూడా ఈ ఉద్యమంలో భాగమే. చదువు రానివాళ్ళకి దారి తెలియకపోవడం కూడా ఒక మెట్టే.

ఊరికి పోయినప్పుడు సంగతి చూద్దాం. భారతదేశంలో సుగమ్య భారత్ కార్యక్రమం 2015 డిసెంబర్ 3న మొదలైంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రజలు వాడే భవనాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండాలంది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలు చేయండి అని కేంద్రానికి చెప్పింది. అంటే ఇప్పుడు బస్టాండులో ర్యాంపు అడగడం బతిమాలడం కాదు, హక్కు.

ఎవరి తోడూ లేకుండా ప్రయాణం చేయలేని శారీరక వికలాంగులకి రైలులో స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది, తోడు వెళ్ళే ఒకరికి కూడా. దానికి రైల్వే కార్డు ముందే చేయించుకోవాలి. తిరుమలలో 65 ఏళ్ళు దాటినవాళ్ళకి, వికలాంగులకి విడిగా దర్శనం ఉంది, ఆన్‌లైన్‌లో నెలనెలా కోటా వదులుతారు. సెలవు తేదీ ఖాయం కాగానే ఇక్కడి నుంచే బుక్ చేయండి. అమ్మని తిరుపతి తీసుకెళ్ళాలని మనలో ఎంతమందికి కోరిక! లైన్లో నిలబడలేదని ఆమెని ఇంట్లో వదిలి వెళ్ళకండి.

ఇంకొకటి, మనం కట్టుకునే ఇల్లు. గల్ఫ్ డబ్బుతో కట్టే ఇంటికి బేస్‌మెంట్ ఎంత ఎత్తుంటే అంత గొప్ప అనుకుంటాం. మూడడుగుల బేస్‌మెంట్‌కి 36 అడుగుల ర్యాంపు కావాలి. ఇల్లయ్యాక ఆ స్థలం ఎక్కడి నుంచి వస్తుంది? వర్షం నీళ్ళు రాని చోట ఎత్తు తగ్గించండి. లేదా ఇంటి పక్కనుంచి ర్యాంపు తిప్పడానికి ఇప్పుడే జాగా వదలండి. కింది అంతస్తులో కమోడ్ ఉన్న ఒక టాయిలెట్, 90 సెంటీమీటర్ల తలుపు పెట్టండి. ఇప్పుడైతే ఖర్చు తక్కువ, కట్టాక పగలగొట్టాలంటే చాలా అవుతుంది. ఇరవై ఏళ్ళు కాంక్రీటు మోసిన మోకాళ్ళతో ఆ ఇంట్లో ఉండబోయేది మనమే.

చివరగా ఈ సంఘాన్ని మేము అడిగేవి మూడు. ఒకటి, సంఘం దగ్గర మడత వీల్‌చైర్లు రెండు ఉండాలి, ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకెళ్ళి తిరిగి ఇవ్వాలి. రెండు, దెబ్బ తగిలి ఇంటికి పోయే ప్రతి కార్మికుడి టికెట్‌ని ఒక వలంటీరు చూడాలి, ఏ అక్షరం ఉంది, మెడికల్ ఫారం నిండిందా, అవతల తీసుకెళ్ళడానికి ఎవరు వస్తున్నారు అని. మూడు, మనం ఏటా వేసే బస్సు టూరులో ఈసారి స్థలాన్ని ఎంచుకునేటప్పుడు అందరికంటే మెల్లగా నడిచే మనిషిని ముందు అడగాలి. ఆయనకి వీలైన చోటు మనందరికీ వీలవుతుంది.

మొదటి వీల్‌చైర్‌కి మా సైట్ వాళ్ళం ఇప్పటికే చందా మొదలుపెట్టాం. డబ్బా గేటు దగ్గర ఉంది. పోయేటప్పుడు మీకు తోచింది వేయండి.