మా థ్రిల్లర్ చూసి జనం నవ్వారు: టెన్షన్ ఎక్కడ పోయింది?

ఇవాళ హిట్ సినిమా గురించి కాదు, మా ఫ్లాప్ గురించి మాట్లాడుకుందాం.

డిగ్రీ సెకండియర్‌లో ఐదుగురం కలిసి ఫోన్‌తో పన్నెండు నిమిషాల థ్రిల్లర్ తీశాం. షూటింగ్ జనగామ, మానుకోట, భూపాలపల్లిలో. ఎందుకంటే మా ఇళ్లు అక్కడే ఉన్నాయి, తిండికీ పడకకీ ఖర్చు లేదు! క్లాస్‌రూమ్‌లో ప్రొజెక్టర్ మీద వేశాం. హంతకుడు తలుపు వెనక నుంచి దూకగానే క్లాసంతా ఒకటే నవ్వు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత ఒక్కో సీన్ విప్పి చూసుకున్నాం. మూడు తప్పులు దొరికాయి.

మొదటిది జనగామ సీన్. అమ్మాయి కాలేజీ నుంచి అద్దె గదికి వస్తుంది. హంతకుడు లోపలే దాక్కున్నాడు. ఆ సంగతి మాకు తెలుసు, చూసేవాళ్లకు తెలియదు. అందుకే వాడు దూకేదాకా వాళ్లకు బోర్, దూకాక ఒక్క సెకను ఉలికిపాటు. అంతే.

1962లో హిచ్‌కాక్ ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోకి ఇచ్చిన ఇంటర్వ్యూలో దీనికో లెక్క చెప్పాడు. టేబుల్ కింద బాంబు ఉందని ముందు చెప్పకుండా పేల్చేస్తే పదిహేను సెకన్ల షాక్. ముందే చూపించి, పైన ఇద్దరి చేత మామూలు ముచ్చట్లు పెట్టిస్తే పదిహేను నిమిషాల సస్పెన్స్. మేం కూడా అదే చేశాం. ముందుగా ఖాళీ గది, కర్టెన్ కింద రెండు మగ చెప్పులు. తర్వాత అమ్మాయి వస్తుంది, బ్యాగు పడేస్తుంది, బిందెలోంచి నీళ్లు ముంచుకుంటుంది. ఫోన్‌లో అమ్మ, "అన్నం తిన్నవా బిడ్డా?" అంటుంది. డైలాగ్ పాతదే, ఒక్కటీ మార్చలేదు. ఈసారి మాత్రం "వెనక్కి చూడవే!" అని మా ఫ్రెండే అరిచాడు.

రెండోది మానుకోట సీన్. రాత్రి మిర్చి కల్లంలో విలన్ వెంటపడతాడు. వాడికి మాస్క్ పెట్టి నిలువెత్తునా చూపించాం. అది జాతరలో కొన్న మాస్కని అందరికీ తెలిసిపోయింది. 1975లో వచ్చిన 'జాస్' తీసినప్పుడు మెషీన్ సొరచేప సముద్రపు నీళ్లలో మాటిమాటికీ పాడయ్యేది. దాంతో స్పీల్‌బర్గ్ చేపను దాచేసి, నీళ్ల మీద కదిలే పీపాలతో, సంగీతంతో భయపెట్టాడు. మేమూ మాస్క్ తీసేశాం. ఎండిన కాయల మీద అడుగు పడితే పటపటమని చప్పుడు వస్తుంది కదా, అదొక్కటే ఉంచాం. రైతు పంట తొక్కలేదు సుమా! అడిగి గంపెడు తాలు కాయలు తెచ్చుకుని, నేల దగ్గర రెండో ఫోన్ పెట్టి రికార్డ్ చేశాం. అమ్మాయి ఆగితే చప్పుడు ఆగుతుంది. కానీ ఒక్క అడుగు ఆలస్యంగా. ఆ ఒక్క అడుగే సీన్‌ని నిలబెట్టింది.

మూడోది భూపాలపల్లి సీన్. నిజంగా సిగ్గుపడింది ఇక్కడే. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలావిడను మంత్రగత్తెలా చూపించాం. చీకటి, దీపం, కింది నుంచి లైటు, ఈ జానర్‌లో అందరూ వాడే సరుకే. నటించిన అవ్వ మా ఫ్రెండ్ వాళ్ల బంధువు. ఫోన్‌లో చూసుకుని మెల్లగా అడిగింది: "గిట్ల సూపెడితె రేపు నా ఇంటికి ఎవలన్న వస్తరా బిడ్డా?"

మాకు నోట మాట రాలేదు. మన దగ్గర బాణామతి, చేతబడి అనే అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన ఘటనలు నిజంగా జరిగాయి. మేం భయం కోసం వాడుకున్న ముఖం, సినిమా అయిపోయాక కూడా ఆ ఊళ్లోనే బతకాలి.

సీన్ తీసేద్దామా అనుకున్నాం. కానీ థ్రిల్లర్‌లో ఇంకో పద్ధతి ఉంది, అనుమానాన్ని తప్పుదారి పట్టించడం. 2016లో వచ్చిన 'క్షణం' గుర్తుందా? తప్పిపోయిన పాప అసలు ఉందా లేదా అన్న సందేహం మీదే కథ నడుస్తుంది. మేం కూడా ఎనిమిది నిమిషాలు అవ్వనే అనుమానించేలా చేశాం. చివర్లో పరిగెత్తుకొచ్చిన అమ్మాయిని లోపలికి లాగి, తలుపు గడియ పెట్టి కాపాడేది ఆమే. దీపం అదే, చీకటి అదే. ఇప్పుడు తలదించుకోవాల్సింది చూసేవాళ్లు, ఎందుకంటే తొందరపడి ఆమెను దోషిని చేసింది వాళ్లే.

రెండోసారి అవ్వ వాకిట్లోనే తెల్ల దుప్పటి కట్టి వేశాం. అమ్మాయి ఆమె గుమ్మం తొక్కినప్పుడు ఎవరూ నవ్వలేదు. అయిపోయాక పక్కింటి పిల్లలు అవ్వ చుట్టూ చేరి, "మల్ల తలుపు ఎప్పుడు తీసినవ్ అవ్వా?" అని అడుగుతున్నారు.

మీరూ ఫోన్‌తో తీస్తుంటే షూటింగ్‌కి ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ప్రమాదం గురించి చూసేవాడికి ముందే తెలుసా? చూపించకుండా వినిపించగలనా? నేను అనుమానించమంటున్న మనిషికి రేపు ఏమవుతుంది? ఇంకోటి, సీన్ బాగా వస్తుందని రైలు పట్టాల మీదకీ, బొగ్గు గనుల వైపుకీ మాత్రం పోకండి. టెన్షన్ తెర మీద ఉంటే చాలు, ఇంట్లో అమ్మకొద్దు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.