దుంప ఒకటే, పేర్లు మూడు

(మహాశివరాత్రి జాగరణ వేళ వంటశాల సేవా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

రెండో జాము అభిషేకానికి ఇంకా కొంచెం సమయం ఉంది. ఈలోగా మీ ప్లేట్లలో పెట్టబోయే ఉడికించిన దుంప గురించి నాలుగు మాటలు చెబుతాం.

పోయిన శివరాత్రికి "కందగడ్డలు తెచ్చిపెట్టండి" అని సభ్యులకు కబురు పంపాం. తెలంగాణ కుటుంబాలు సరిగ్గానే తెచ్చాయి. గోదావరి జిల్లాల వాళ్ళు మాత్రం కంద తెచ్చారు! తప్పు మాదే. కోస్తాలో చిలగడదుంప, సీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో కందగడ్డ, అన్నీ ఒకటే. ఇక్కడి దుకాణాల్లో 'యామ్' అని పెట్టేదీ చాలావరకు ఇదే. అసలు యామ్ అంటే మన పెండలం జాతి. అందుకే ఈసారి కబురులో మూడు పేర్లూ రాశాం.

ఆ నవ్వుల మధ్యే ఒక పెద్దాయన అడిగారు: "ఇది మన దేశపు పంట కాదట కదమ్మా, స్వామికి నైవేద్యం పెట్టొచ్చా?" ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాం.

ఆయన అన్నది నిజమే. దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. సగ్గుబియ్యం తీసే కర్రపెండలమూ, పులిహోరలో వేసే మిరపకాయా అక్కడివే. సముద్రాలు దాటి వచ్చిన ఈ దుంపను మన రైతు కాదనలేదు. తీగ ముక్క గుచ్చితే బతుకుతుంది, నాలుగు నెలల్లో చేతికొస్తుంది. ధాన్యం కాదు కాబట్టి ఉపవాసానికి పనికొచ్చింది. శివరాత్రి నాటికి సంతల్లో గుట్టలు పోసి ఉంటుంది కాబట్టి పేదింటి పళ్ళెంలోకీ చేరింది. అలా స్వామి పండుగలో భాగమైపోయింది.

ఇవాళ ఉడికించినవి మన నార్త్ కరోలినా పంటే. 1971 నుంచి దేశంలో ఈ పంటకు మొదటి స్థానం మన రాష్ట్రానిదే. విల్సన్ పట్టణపు బడిపిల్లలు విన్నపాలు పంపగా 1995లో దీన్ని రాష్ట్ర కూరగాయగా ప్రకటించారు. పిల్లలూ, మీలాంటి వాళ్ళు సాధించిన పని అది! దీని తోలు పలచన, గీసుకుపోతే పాడవుతుంది. అందుకే యంత్రం మట్టిని తిరగేసినా దుంపలను చేత్తోనే ఏరుతారు. ఆ చేతుల్లో చాలా మటుకు మెక్సికో నుంచి పనికోసం వచ్చినవి. తినే ముందు వాళ్ళనూ ఒకసారి తలుచుకుందాం.

ఆ పెద్దాయనకు మా జవాబు ఇదీ: పరాయి నేలకు వచ్చి వేరు పట్టుకున్న మన పూజ స్వామి అందుకుంటున్నాడు. అలాంటప్పుడు ఈ దుంపను వద్దంటాడా?

చివరగా ఒక మనవి. మధుమేహం ఉన్నవాళ్ళు ఇదీ పిండిపదార్థమేనని మరచిపోవద్దు. ఓవెన్‌లో కాల్చిన దానికంటే నీళ్ళలో ఉడికించినది రక్తంలో చక్కెరను తక్కువగా పెంచుతుంది. అందుకే ఉడికించాం. ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా కటిక ఉపవాసం ఉండొద్దు. నీరసం అనిపిస్తే మొహమాటపడకుండా వంటశాల తలుపు తట్టండి.

హర హర మహాదేవ!