అమ్మ రిపోర్ట్‌లో టీఎస్‌హెచ్ 9.2 వచ్చింది, థైరాయిడ్ డోస్ పెంచేయాలా?

ఈ రోజు థైరాయిడ్ మాత్ర డోస్ గురించి మాట్లాడుకుందాం. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకున్నవాణ్ణి. ఈ వీడియో చూసి ఎవరూ మాత్ర మార్చకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఏం చూసుకోవాలి, వెళ్లాక ఏం అడగాలి, అంతవరకే.

సీన్ మీకు తెలిసిందే. మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. ఆకివీడు నుంచి అమ్మ వాట్సాప్‌లో రిపోర్ట్ పంపుతుంది. టీఎస్‌హెచ్ 9.2, పక్కన లావు అక్షరాల్లో హై అని. "ఒళ్లంతా బరువుగా ఉంటుందిరా, జుట్టు ఊడిపోతుంది, 50 బదులు 75 వేసుకోనా?" అంటుంది. మనం ఫోన్‌లో రెండు నిమిషాలు వెతికి "వేసుకోమ్మా" అనేస్తాం. ఇది ఏ ఒక్కరింటి కథో కాదు. 2013లో వచ్చిన ఎనిమిది నగరాల సర్వేలో, అందులో మన హైదరాబాద్ కూడా ఉంది, దాదాపు 11 శాతం మంది పెద్దవాళ్లకి థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది.

టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్ కాదండి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కి పంపే ఆర్డర్. ఒంట్లో హార్మోన్ తక్కువైతే ఆర్డర్ గట్టిగా వెళ్తుంది, నంబర్ పెరుగుతుంది. హార్మోన్ ఎక్కువైతే నంబర్ పడిపోతుంది. మన వైపు వాళ్లకి రొయ్యల చెరువుతో చెప్తే ఈజీ. మేత వేశాక చెక్ ట్రే పైకి లాగి చూస్తారు కదా. మేత మిగిలితే తగ్గిస్తారు, ఖాళీ అయితే కాస్త పెంచుతారు. టీఎస్‌హెచ్ కూడా అలాంటి ట్రేనే. కాకపోతే చెరువులో ట్రే గంటల్లో చెప్పేస్తుంది, ఒంట్లో ట్రేకి వారాలు పడుతుంది.

ఎందుకంటే థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్, ఏ పేరుతో కొన్నా లోపల ఉండే మందు లీవోథైరాక్సిన్. ఇది రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. కొత్త డోస్ ఒక లెవెల్‌కి వచ్చి నిలబడాలంటే 5, 6 వారాలు. అందుకే డోస్ మార్చాక మళ్లీ టెస్ట్ 6 నుంచి 8 వారాలకి రాస్తారు. రెండు వారాలకే టెస్ట్ చేయించి "ఇంకా తగ్గలేదు" అని మళ్లీ పెంచారనుకోండి, మొదటి ఫిక్స్ పనిచేసిందో లేదో తెలియకముందే రెండోది పుష్ చేసినట్టు.

సరే, 9.2 నిజంగానే వచ్చింది. డోస్ చాలకపోవచ్చు. కానీ దానికంటే ముందు అమ్మని అడగాల్సింది వేరే ఉంది. మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు, దేంతో వేసుకుంటున్నావు? చాలా ఇళ్లల్లో మాత్ర, కాఫీ గ్లాసు ఒకేసారి చేతిలోకి వస్తాయి. కాఫీతో ఈ మందు సరిగ్గా ఒంటికి పట్టదు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల గ్యాప్ కావాలి. గ్యాస్ మాత్రలు కూడా కొందరిలో అడ్డుపడతాయి, వాటిని ఆపేయకండి, డాక్టర్‌కి చెప్పండి. ఇంకోటి, పెళ్లికని ఊరెళ్లి నాలుగు రోజులు మర్చిపోయినవి అమ్మ లెక్కలోకి రావు. సీసాలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టమనండి, అసలు సంగతి తెలుస్తుంది. (ఆ సీసా పొయ్యి పక్క గూట్లో ఉంటే కూడా తీయించండి, వేడికి మందు పాడవుతుంది.)

ఇక్కడే రిస్క్. కాఫీ వల్ల మందు పట్టట్లేదని తెలియక 75 చేశారు. తర్వాత ఎవరో చెప్తే అమ్మ కాఫీ గ్యాప్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు 75 ఎక్కువైపోవచ్చు. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం వస్తాయి. వయసు పైబడినవాళ్లలో గుండె లయ తప్పచ్చు, నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఎముకలు పలచబడతాయి. అందుకే గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లకి 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెడతారు. గ్రంథి అసలు పనిచేయని ఆరోగ్యవంతుడికి కిలోకి సుమారు 1.6 లెక్కన, 60 కిలోలకి 100 దగ్గర పడుతుంది. పక్కింటి పిన్నిగారి డోస్ మనకి ఎందుకు సరిపోదో చూశారా.

జుట్టు సంగతి మర్చిపోలేదు. ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడతారు కదా, అది కొన్ని ల్యాబ్ మెషీన్లని తప్పుదారి పట్టిస్తుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా చూపించచ్చు. ఆ కాగితం చూసి డోస్ తగ్గిస్తే జుట్టు ఇంకా ఊడుతుంది. టెస్ట్‌కి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి. టెస్ట్ కూడా ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో, ఒకే టైమ్‌కి, ఆ రోజు మాత్ర వేసుకోకముందు ఇస్తే పోల్చుకోవడానికి బాగుంటుంది. పొద్దున్నే తీసిన టీఎస్‌హెచ్ మధ్యాహ్నం కంటే కాస్త ఎక్కువే ఉంటుంది.

నంబర్ నార్మల్‌కి వచ్చినా నీరసం పోలేదంటే? రక్తం తక్కువుందా, బీ12, షుగర్, నిద్ర ఎలా ఉన్నాయి అని అడగండి. నీరసానికల్లా థైరాయిడ్ మాత్రే పెంచుకుంటూ పోతే నష్టం మనకే.

ఆగకూడని చోటు ఒకటుంది. ఈ మాత్ర వాడుతున్న అమ్మాయికి ప్రెగ్నెన్సీ వచ్చిందని తెలిస్తే ఆరు వారాలు చూద్దాం అనుకోకూడదు. బిడ్డకి మొదటి నెలల్లో తల్లి హార్మోనే దిక్కు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017 గైడ్‌లైన్స్ ప్రకారం డోస్ వెంటనే 20 నుంచి 30 శాతం పెంచాలి, సగం నెలలు గడిచేదాకా దాదాపు నాలుగు వారాలకోసారి టెస్ట్ చేయాలి. ఎంత పెంచాలో ఆమె డాక్టర్ చెప్తారు, కానీ ఆ ఫోన్ అదే రోజు వెళ్లాలి. చెల్లికో వదినకో ఈ బిట్ ఒక్కటైనా పంపండి.

ఇక అమ్మ రిపోర్ట్ డాక్టర్‌కి పంపేటప్పుడు ఉత్త ఫోటో పంపకండి. కింద ఇలా టైప్ చేయండి: "డోస్ 50, మూడు నెలలుగా. కాఫీతో వేసుకుంటోంది. కాల్షియం కూడా పొద్దున్నే. గత నెలలో ఆరు మాత్రలు మిస్. బయోటిన్ లేదు. ముందు ఇవి సరిచేసి మళ్లీ టెస్ట్ చేయించాలా, ఇప్పుడే పెంచాలా?"

ఓకే అండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.